పాట, పైకం: గ్రామఫోను నుంచి యూట్యూబు దాకా

పోయిన వానకాలంలో శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లెకు వెళ్ళాను. అక్కడ నాట్ల పాటలు పాడే ఒక ముసలామె వున్నది. కూలి చేసుకు బతికే మనిషి. చదువు లేదు. కాని ఆమెకు వచ్చినన్ని పాటలు ఆ చుట్టుపక్కల మరెవరికీ రావు. రెండేళ్ళ క్రితం పట్నం నుంచి కొందరు కుర్రవాళ్ళు వచ్చి, ఆమెను పొలం గట్టున కూర్చోబెట్టి, సెల్‌ఫోనుతో రెండు పాటలు చిత్రీకరించుకుపోయారు. ఒక చీరా, వెయ్యి రూపాయలూ యిచ్చారు. ఆ పాటల్లో ఒకదాన్ని యూట్యూబులో యిప్పటికి కొన్ని లక్షలమంది చూశారు. ఆ సంగతి ఆమెకు మనుమడు చెప్పాడు. నేను కనిపించగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న యిది: "మాస్టారూ, నా పాట లచ్చలమంది ఇన్నారంట గదా. ఆ డబ్బులు ఎవులికి ఎల్తాయి?"

నేను కళాశాలలో ముప్ఫై ఏళ్ళు చరిత్ర బోధించినవాణ్ణి. జమీందారీ విధానంలో శిస్తు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో పిల్లలకు నల్లబల్ల మీద లెక్కకట్టి చూపించాను. అయినా యీమె ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. యీ వ్యాసం ఆ జవాబు కోసం నేను చేసిన ప్రయత్నం.

కళను గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళు డబ్బు మాట ఎత్తడం అపచారంగా భావిస్తారు. సంగీతం దైవదత్తం అనేవాళ్ళకు యిది సహజం. కాని అభ్యుదయవాదులం అనుకునే మనం కూడా పాటలో భావం ప్రగతిశీలమా, ప్రతీపశక్తులకు తోడ్పడేదా అని చర్చించినంతగా, పాడినవాడికి కూడు ఎలా వస్తున్నది అని చర్చించలేదు. పాటను ఉత్పత్తి చేసేవాడు కూడా శ్రామికుడే. అతని శ్రమఫలం ఎవరి పెట్టెలో చేరుతున్నదో చూడనిదే ఆ యుగపు సంగీతం మనకు పూర్తిగా అర్థం కాదు.

గ్రామఫోనుకు పూర్వం పాట, పాడేవాడి గొంతును విడిచిపోయేది కాదు. వినదలచినవాడు అతన్ని పిలిపించుకోవాలి, లేదా అతని దగ్గరికి వెళ్ళాలి. కనుక పోషకుడు గాయకుడి పాటను కొనలేదు, గాయకుణ్ణే పోషించాడు. రాజాస్థానాల్లో వర్షాశనాలు, జమీందారు యింట పెళ్ళికి పిలుపులు, దేవాలయంలో మాన్యాలు అన్నీ యీ పద్ధతిలోవే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల స్థాపించి దానికి ఆదిభట్ల నారాయణదాసు గారిని అధ్యక్షుణ్ణి చేసింది కూడా అక్కడి సంస్థానమే. ఈ పోషణలో ఔదార్యం వుంటే వుండవచ్చు, స్వాతంత్ర్యం మాత్రం లేదు. పైగా అది పైకులాల గడప దాటి నాట్లువేసే కూలి దగ్గరికి ఎన్నడూ రాలేదు. ఆమె పాట కూలిపనిలో భాగం. పాడితే పని వేగంగా సాగేది, ఆ వేగం వల్ల కలిగే లాభం ఆసామికి చెందేది. అంటే మన ముసలామె పాట మీద పరులు సంపాదించడం యూట్యూబుతో మొదలు కాలేదు.

1902 నవంబరులో లండన్ నుంచి గ్రామఫోన్ కంపెనీ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి, గౌహర్ జాన్ మొదలైనవారి పాటలు రికార్డు చేశాడు. ఆ ప్లేట్లు జర్మనీలోని హానోవరులో ముద్రణ పొంది తిరిగి మన దేశానికే అమ్మకానికి వచ్చాయి. 1908లో అదే కంపెనీ కలకత్తాలో కర్మాగారం పెట్టింది. మన పత్తి మాంచెస్టరు వెళ్ళి గుడ్డ అయి తిరిగివచ్చినట్టే, మన పాట హానోవరు వెళ్ళి ప్లేటు అయి తిరిగివచ్చింది. చరిత్రలో మొట్టమొదటిసారి పాట గాయకుడి దేహం నుంచి విడిపోయింది. విడిపోయిన మరుక్షణం అది సరుకు అయింది. సరుకుకు యజమాని కావాలి గదా! ఆ యజమాని యంత్రం గలవాడు అయినాడు, గొంతు గలవాడు కాలేదు. మహా పేరున్న విద్వాంసులు బేరమాడి ఎక్కువ పుచ్చుకున్నమాట నిజమే. సామాన్య గాయకుడికి దక్కింది ఆనాటి కూలి మాత్రమే. ప్లేటు వంద అమ్ముడుపోయినా లక్ష అమ్ముడుపోయినా ఆ కూలి మారేది కాదు.

టాకీలు వచ్చాక యీ సంబంధం మరింత బిగిసింది. 1957లో కేంద్ర ప్రభుత్వం కాపీరైటు చట్టం చేసింది. అది 1958 జనవరిలో అమలుకు వచ్చింది. ఆ చట్టం సాహిత్యం రాసినవాణ్ణీ, బాణీ కట్టినవాణ్ణీ కర్తలుగా గుర్తించింది. పాడినవాణ్ణి మాత్రం గుర్తించలేదు. 1960లలో లతా మంగేష్కర్ గాయకులకు రాయల్టీ వుండాలని పట్టుబట్టింది. ఆ విషయంలోనే ఆమెకూ మహమ్మద్ రఫీకీ భేదాభిప్రాయం వచ్చి కొన్నేళ్ళపాటు కలిసి పాడలేదు. డబ్బు పుచ్చుకున్నాక గాయకుడి సంబంధం తీరిపోతుందని రఫీ వాదన. రఫీ ఉదారుడే, సందేహం లేదు. కాని హక్కు అనేది ఉదారుల కోసం కాదు, అవసరం వున్నవాళ్ళ కోసం.

గీతరచయితలు, సంగీత దర్శకులు కలిసి 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ పెట్టుకున్నారు. ఆ సొసైటీకీ సినిమా నిర్మాతలకూ జరిగిన దావాలో 1977లో సుప్రీంకోర్టు, నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సంగీతానికి నిర్మాతే యజమాని అని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక అనుబంధం రాసి, పాడే గాయకుణ్ణి చట్టం మరచిపోవడం న్యాయం కాదనీ, శాసనకర్తలు దీన్ని గురించి ఆలోచించాలనీ హెచ్చరించాడు. శాసనకర్తలు ఆలోచించడానికి పదిహేడేళ్ళు పట్టింది. 1994లో ప్రదర్శకుడి హక్కు చట్టంలోకి వచ్చింది. గాయకుడు, వాద్యగాడు, నర్తకుడు, గారడీవాడు, చివరికి పాములవాడు కూడా ఆ నిర్వచనంలో వున్నారు. 2012 సవరణతో గీతరచయిత, స్వరకర్త తమ రాయల్టీ భాగాన్ని నిర్మాతకు వదులుకోవడానికి వీల్లేకుండా పోయింది. ప్రదర్శకుడికి కూడా అతని ప్రదర్శన వాణిజ్యపరంగా వాడినప్పుడు రాయల్టీ దక్కాలని అదే సవరణ చెప్పింది. కాయితం మీద యిది చిన్న విజయం కాదు. గౌహర్ జాన్ నాటినుంచి లెక్కవేస్తే నూటపది సంవత్సరాలు పట్టిన విజయం.

ఈ మధ్యకాలంలో మరి రెండు దారులు కూడా వుండేవి. ఒకటి రేడియో. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చింది. రేడియో కళాకారులకు తరగతులు నిర్ణయించి, కార్యక్రమానికి యింత అని యిచ్చేది. తక్కువే, కాని రేటు అందరికీ తెలుసు, మనియార్డరో చెక్కో చేతికి వచ్చేది. రెండోది ప్రజాఉద్యమం. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు బుర్రకథను పల్లెపల్లెకు మోసుకుపోయాయి, నిషేధాలను ఎదుర్కొన్నాయి. షేక్ నాజర్ వంటివాడు ప్రజల అన్నం తిని ప్రజల కథ చెప్పాడు. ఆ పద్ధతిలో కళాకారుడికి ఆస్తి మిగలలేదు గాని, అతని పాట అతని చేతిలోనే వుండేది.

1980లలో క్యాసెట్టు వచ్చింది. ప్లేటు తయారు చెయ్యాలంటే కర్మాగారం కావాలి, క్యాసెట్టుకు ఒక గది చాలు. ఒకే పెద్ద కంపెనీ గుత్తాధిపత్యం విరిగి, ప్రతి జిల్లాలో చిన్న కంపెనీలు లేచాయి. జననాట్యమండలి పాటలు, గద్దర్ గొంతు, భజనలు, పల్లెపదాలు, అన్నీ క్యాసెట్ల మీద ఊరేగాయి. ఉత్పత్తి సాధనం చౌక అయితే కళాకారుడు విముక్తుడవుతాడని అప్పుడు మాబోటివాళ్ళం సంబరపడ్డాం. కాని ఆ చిన్న కంపెనీల్లోంచే 1983లో పుట్టిన టీ-సిరీస్ పెరిగి పెరిగి, 2019లో యూట్యూబులో ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది చందాదారులున్న ఛానెల్ అయి, 2024 జూన్ వరకు ఆ స్థానంలో నిలిచింది. చిన్న పెట్టుబడి పెద్ద పెట్టుబడి కావడం పెట్టుబడి సహజ ధర్మం. సాధనం చౌక అయినంత మాత్రాన ఆ ధర్మం మారదు.

ఇక యూట్యూబు సంగతి. 2005లో అమెరికాలో ముగ్గురు యువకులు దాన్ని ప్రారంభించారు. 2006 అక్టోబరులో గూగుల్ దాన్ని 165 కోట్ల డాలర్లకు కొన్నది. అప్పటికి అందులో వున్న సరుకంతా జనం ఊరికే తెచ్చిపెట్టినదే. సినిమా, టెలివిజన్ కంపెనీలు తమ సొత్తు దొంగతనంగా అందులోకి పోతున్నదని గోలపెట్టాయి. 2007 మార్చిలో వయకామ్ అనే కంపెనీ 100 కోట్ల డాలర్లకు దావా వేసింది. అయితే అమెరికాలో 1998లో చేసిన ఒక చట్టం, ఫిర్యాదు వచ్చినప్పుడు తొలగిస్తే చాలు, వేదికను నడిపేవాడి తప్పు లేదని రక్షణ యిచ్చింది. ఈ పేచీ మధ్యనే 2007లో రెండు ఏర్పాట్లు పుట్టాయి. నేటి సంగీతకారుడి ఆదాయమంతా యీ రెండింటి మీదే నిలబడి వున్నది.

మొదటిది భాగస్వామ్య పథకం. వీడియో ముందూ మధ్యా వచ్చే ప్రకటనలకు వ్యాపారి యిచ్చే డబ్బులో 55 శాతం వీడియో పెట్టినవాడికి, 45 శాతం కంపెనీకి. రెండోది కంటెంట్ ఐడీ. హక్కుదారు తన పాట అసలు ప్రతిని కంపెనీకి అప్పగిస్తాడు. ఆ తరువాత ప్రపంచంలో ఎవరు ఏ వీడియో పెట్టినా యంత్రం దాన్ని ఆ ప్రతితో పోల్చిచూస్తుంది. పోలిక దొరికితే హక్కుదారు మూడు పనుల్లో ఒకటి చేయవచ్చు: ఆ వీడియోను అడ్డగించవచ్చు, ఎంతమంది చూశారో గమనిస్తూ ఊరుకోవచ్చు, లేదా దాని మీద వచ్చే ప్రకటన డబ్బు తానే పుచ్చుకోవచ్చు. పెళ్ళిలో బంధువు తీసిన వీడియోలో వెనకనుంచి సినిమాపాట వినిపించినా, ఆ వీడియో సంపాదన పాట కంపెనీకి పోయేది యీ దారినే. పెద్ద కంపెనీలకు యిది ఎంత కలిసివచ్చిందో యూట్యూబు చెప్పిన లెక్కలే సాక్ష్యం. సంగీత పరిశ్రమకు తాను 2021 జూలై నుంచి 2022 జూన్ వరకు 600 కోట్ల డాలర్లకు పైగా, 2024 జూలై నుంచి 2025 జూన్ వరకు 800 కోట్ల డాలర్లకు పైగా చెల్లించానని ఆ సంస్థ ప్రకటించింది. మొదటి మొత్తంలో 30 శాతానికి మించి, సామాన్యులు తమంత తాము పెట్టిన వీడియోల నుంచి వచ్చినదే.

"పరిశ్రమకు చెల్లించాం" అన్న మాటను పాఠకులు జాగ్రత్తగా గమనించాలి. పరిశ్రమ వేరు, సంగీతకారుడు వేరు. రికార్డు కంపెనీకి చేరిన డబ్బులో గాయకుడి వాటా ఎంత అన్నది యూట్యూబు నిర్ణయించదు, ఆ గాయకుడు ఎప్పుడో సంతకం చేసిన కాయితం నిర్ణయిస్తుంది.

సొంతంగా ఛానెల్ పెట్టుకున్న గాయకుడి మాట చూద్దాం. 55 శాతం అంటే చెవికి యింపుగానే వుంటుంది. మన రైతుకు సంగోరు పాలు తెలుసు. భూమి ఆసామిది, చాకిరీ పాలికాపుది, పంట చెరిసగం. ఇక్కడ పాలికాపుకు సగం కంటె ఐదు పాళ్ళు ఎక్కువే ముట్టుతున్నది. కాని పాలికాపు కళ్ళంలో నిలబడి కుంచం కొలత కళ్ళారా చూసుకోగలడు. ఇక్కడ కుంచం ఆసామి యింట్లో వున్నది. ఏ ప్రకటన ఎంతకు పాడుకున్నారో, ఏ పాటను ఎవరి కంటికి చూపించాలని యంత్రం తీర్మానించిందో గాయకుడికి తెలియదు. అతను చూసేది వాళ్ళు పంపిన లెక్క మాత్రమే. పైగా చూసేవాళ్ళందరి విలువ ఒకటి కాదు. ప్రకటన యిచ్చే వ్యాపారి కొనుగోలు శక్తిని బట్టి వెల కడతాడు గనుక, డల్లాస్‌లో కూర్చున్న తెలుగు ఇంజనీరు చూసిన చూపుకు పలికే ధర, పలాసలో జీడిపప్పు కార్మికుడు చూసిన చూపుకు పలకదు. 2021 జూన్ నుంచి ఆ అమెరికా చూపుల సంపాదన మీద అమెరికా పన్ను కూడా కోస్తున్నారు. పన్ను వివరాలు దాఖలు చేసుకున్న భారతీయుడికి అది 15 శాతం. ఎవరి కోసం పాడితే ఎక్కువ గిట్టుబాటో గాయకుడు త్వరలోనే నేర్చుకుంటాడు. పాట ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

పొట్టి వీడియోల్లో యీ లెక్క మరింత చిక్కు. 2023 ఫిబ్రవరి నుంచి వాటి ప్రకటనల డబ్బును ఒక కుప్పగా పోసి పంచుతున్నారు. వీడియోలో యితరుల పాట ఒకటి వాడితే, దానికి చెందే మొత్తంలో సగం ముందే పాట హక్కుల ఖర్చు కింద పక్కకు పోతుంది. మిగిలిన కుప్పలో వాటా కట్టి, అందులో 45 శాతం వీడియో చేసినవాడికి యిస్తారు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి పాలికాపుగా కూడా చేరనివాళ్ళది. 2018లో కంపెనీ ఒక గడప కట్టింది. వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ లేనిదే ప్రకటనల్లో వాటా లేదన్నది. ఇంతవరకు దానికొక సమర్థన చెప్పవచ్చు. కాని 2020 నవంబరులో నిబంధనలు మార్చి, ఆ గడపకు అవతల వున్నవాళ్ళ వీడియోల మీద కూడా తాము ప్రకటనలు వేసుకుంటామనీ, దాని నుంచి వాళ్ళకేమీ యివ్వమనీ ప్రకటించారు. తొలుత అమెరికాలో, 2021లో మిగతా దేశాల్లో అది అమలయింది. అదనపు విలువ అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే నేను యిదివరకు బట్టలమిల్లు ఉదాహరణ చెప్పేవాణ్ణి. ఇప్పుడు యిది చెబుతున్నాను. వందమంది వినే గాయకుడి దగ్గర లాక్కునేది పైసలే, కాని అటువంటి గాయకులు కోట్లలో వున్నారు.

ఇక్కడ మిత్రులు కొందరు నన్ను అడ్డుకుంటారు. "మీరు చీకటే చూస్తున్నారు. సినిమా పెద్దల గుమ్మం ముందు నిలబడకుండా తెలంగాణ పల్లె గాయకులు లోకానికి తెలిసింది దీనివల్ల కాదా? మంగ్లీ వంటి గాయని టెలివిజన్లో, యూట్యూబులో పల్లెపాటలు పాడి పేరు తెచ్చుకున్నాకే గదా సినిమావాళ్ళు పిలిచింది? బతుకమ్మ పాటలు, బోనాల పాటలు తీసి కుటుంబాలు బతకడం లేదా?" అంటారు. నిజమే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టు చౌక అయ్యాక, కులం చేతా ఊరు చేతా తొక్కబడిన గొంతులు బయటికి వచ్చాయి. దాన్ని కాదన్నవాడు చరిత్రకు ద్రోహం చేసినట్టే. పెట్టుబడి పాత సంకెళ్ళు తెంచుతుందని మనకు తెలియని విషయం కాదు. కొత్తవి వేస్తుందన్నదీ తెలుసు. రెండూ ఒక్క చేత్తోనే చేస్తుంది.

జానపదగేయం దగ్గర యీ కొత్త సంకెల స్పష్టంగా కనిపిస్తుంది. కంటెంట్ ఐడీలో నమోదుకు పెద్దఎత్తున ప్రత్యేక హక్కులు వుండాలి. నాట్ల పాటకు కర్త లేడు, కనుక పాట మాటల మీద ముసలామెకు కాపీరైటు లేదు. కాని ఎవరైనా అదే బాణీకి డోలూ కీబోర్డూ చేర్చి రికార్డు చేస్తే, ఆ రికార్డు మీద కంపెనీకి హక్కు పుడుతుంది. అందరిదీ అయిన చెరువులోంచి మోటారు పెట్టి తోడుకున్నవాడికి నీళ్ళు సొంతమవుతాయన్నమాట. 2021లో "లవ్ స్టోరీ" సినిమాలో "సారంగదరియా" పాట వచ్చినప్పుడు, జానపదం ఎవరి సొత్తు, సేకరించినవారికీ మొదట పాడినవారికీ ఏం చెందాలి అన్న వివాదం పత్రికలకెక్కింది. ఆ వివాదం ఏదో విధంగా సద్దుమణిగింది గాని, ప్రశ్న తీరలేదు.

అయితే ముసలామెకు చట్టంలో ఏమీ లేదా? వున్నది. మాటలు ఆమెవి కాకపోవచ్చు, పాడడం ఆమెది. 1994, 2012 సవరణల ప్రకారం ఆమె ప్రదర్శకురాలు. చట్టం దృష్టిలో సెల్‌ఫోను వీడియో కూడా "సినిమాటోగ్రాఫ్ ఫిల్మే". తన ప్రదర్శనను రికార్డు చేయనిచ్చే హక్కు, వద్దనే హక్కు ఆమెవి. రాతమూలకంగా సమ్మతి యిచ్చిన తరువాత కూడా, వాణిజ్యానికి వాడితే రాయల్టీ ఆమెకు రావాలి. ఆ హక్కు యాభై సంవత్సరాలు వుంటుంది. సినిమా గాయకులు తమ రాయల్టీ వసూలుకు 2013లో సంఘం పెట్టుకున్నారు. నాట్లు వేసే ఆడదాని రాయల్టీ వసూలు చేసే సంఘం ఏది? హక్కు వున్నది, దాన్ని మోసుకొచ్చే చెయ్యి లేదు.

ఇంతవరకు రాశాక నా సంగతి కూడా చెప్పకపోతే నిజాయితీ కాదు. పదిహేనేళ్ళ క్రితం నేనే ఆ ముసలామె పాటలు టేపు చేసుకున్నాను. ఒక సదస్సులో వ్యాసం చదివాను. వ్యాసం అచ్చయింది, నాకు పేరు వచ్చింది, ఉద్యోగంలో అది పనికి వచ్చింది. వ్యాసంలో "ఒక వృద్ధ కూలి స్త్రీ పాడగా" అని రాశాను. ఆమె పేరు వెయ్యలేదు. అచ్చయిన ప్రతి ఆమెకు చూపించలేదు. పట్నం కుర్రవాళ్ళు కనీసం చీర పెట్టారు, నేను అదీ పెట్టలేదు. కంపెనీని తిట్టడం సులభం. అదే సంబంధం మన చదువుల్లో, పరిశోధనల్లో వున్నప్పుడు మనకు కనిపించదు.

కనుక చెయ్యవలసిన పని మన యింటి నుంచి మొదలు కావాలి. జానపదం సేకరించే ప్రతి విద్యార్థీ, ఉపాధ్యాయుడూ పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసి, వారికి చదివి వినిపించి, వారి సమ్మతి పుచ్చుకోవాలి. ఛానెల్‌లో పెడితే వాటా ఎంతో కాయితం మీద వుండాలి. మన సంఘాల శాఖలు తమ జిల్లాలో యిటువంటి గాయకుల పట్టీ తయారుచేసి, వారి తరఫున అడిగే బాధ్యత నెత్తిన వేసుకోవాలి. వేదికలు తమ కుంచం కొలత బయట పెట్టాలనీ, ప్రకటన వేసిన ప్రతి పాటకూ వాటా యివ్వాలనీ కోరడం ఆ తరువాతి మెట్టు. కూలి రేట్లు కూడా ఎవరూ దయతలచి పెంచినవి కావు గదా.

నేను మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాను. ఛానెల్ పెట్టిన కుర్రవాళ్ళకు ఫోను చేసి మాట్లాడాను. వాళ్ళు దుర్మార్గులు కారు. తమకే నెలకు యింత అని స్థిరంగా రావడం లేదన్నారు. లెక్క చూపించారు. ఆ పాట మీద తమకు వచ్చినదానిలో సగం ఆమెకు యిస్తామని ఒప్పుకొని కాయితం రాశారు. ఆమె వేలిముద్ర వేస్తూ, "మిగతా సగం గాదు మాస్టారూ, ఈళ్ళకి రాకముందే పైన తీసుకున్నోడున్నాడు గదా, ఆడ్ని ఎవులడగాల?" అన్నది.

మూడు దశాబ్దాలు పాఠం చెప్పినవాణ్ణి, ఆమె దగ్గర పాఠం విన్నాను. ఆ ప్రశ్న యీ పత్రిక పాఠకులకు అప్పగిస్తున్నాను.